మహిళల గంట

రోసాంగ్‌పుయీ మా ఊరికి వచ్చినప్పటి నుంచి నా పిడికిలి చిన్నదైపోయింది.

అన్నం వండే ముందు, కడగడానికి తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు పక్కనున్న డబ్బాలో వేస్తాం. అది దేవుడి బియ్యం. వారానికోసారి సంఘం ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసుకుంటారు. మా చంఫాయ్ ఊళ్ళో పొయ్యి వెలిగించే ప్రతి ఆడదీ ఈ పని చేస్తుంది. మా అత్త చేసింది, ఆవిడ అత్త చేసింది. ఆ బియ్యం అమ్మిన సొమ్ముతో బళ్ళు నడిచాయి, ఆస్పత్రి గోడలు లేచాయి, ఎక్కడెక్కడి దేశాలకో బోధకులు వెళ్ళారు. ఇప్పుడు రోసాంగ్‌పుయీ జీతం కూడా అందులోంచే వెళుతోంది. అంటే నా అసూయకు జీతం నేనే ఇచ్చుకుంటున్నానన్నమాట. అందుకని వేళ్ళు కాస్త బిగించి తీస్తున్నాను. దేవుడు గమనించే ఉంటాడు, ఇంతవరకు ఏమీ అనలేదు. అన్నది మా అత్త.

"ఏమే, నీ చెయ్యి ఎండిపోయిందా? కోడిపిల్లకు వేసినట్టు వేస్తున్నావు."

"ఈసారి బియ్యం సన్నం అత్తా, కనబడవు."

"సున్నమా? దేవుడికి సున్నం ఎందుకు వేస్తావే!"

మా అత్తకు చెవుడు. ఎంత చెవుడన్నది ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ తేలలేదు.

మా ఆయన థాన్‌సెయా మా సంఘంలో ఉపా, అంటే పెద్ద. కిందటేడు వర్షాలు వెలిశాక ఈ కొండల్లోని సంఘాలన్నీ ఒక్కటవుదామని తీర్మానించుకున్నాయి. నీళ్ళలో నిండా మునిగి బాప్తిస్మం తీసుకునేవాళ్ళు, నుదుటి మీద చల్లించుకునేవాళ్ళు, పాటకు డోలు కొట్టేవాళ్ళు, గిటారు ఉంటేనే గొంతు లేచేవాళ్ళు, ఆరాధనకు యూనిఫారం వేసుకొచ్చేవాళ్ళు, ఇంతమందీ ఒక కమిటీలో కూర్చున్నారు. సరిహద్దు దాటి వచ్చే మత్తుమందు ఆగాలి. సారా ఆగాలి. ఓటు అమ్ముకోవడం ఆగాలి. ఇల్లు మారాలి, ఊరు మారాలి, రాష్ట్రం మారాలి. కమిటీకి కార్యదర్శి మా ఆయన. సమాజాన్ని మార్చే పని ఎక్కువైపోయి ఆయన ఇంట్లో కాలిపోయిన బల్బు మార్చడం మానేశాడు.

ఎగతాళికి అనడం లేదు. మా వీధి మలుపులో ఉన్న ఇంట్లో ఇరవై ఏళ్ళు నిండని కుర్రాడు సూది గుచ్చుకుని పోయాడు. వాళ్ళమ్మ ఇప్పటికీ రెండు పళ్ళేలు పెట్టి, ఒకటి తీసేస్తుంది. అలాంటి ఇళ్ళు ఈ కొండ మీద చాలా ఉన్నాయి. ఆ పని జరగాల్సిందే. దాన్ని ఎవరు మాట్లాడి జరిపించాలన్న దగ్గరే నాకు కడుపు మండడం మొదలైంది.

కుటుంబాల విభాగానికని ఐజోల్ నుంచి రోసాంగ్‌పుయీని పిలిపించారు. దైవశాస్త్రం చదివింది. పెళ్ళి చేసుకోలేదు. మోకాళ్ళ కిందకి దిగే నల్ల పువాన్ చుట్టుకుని, దాని కింద మగవాళ్ళ బూట్ల లాంటివి వేసుకుంటుంది. అందగత్తె ఏమీ కాదు. నాకు అది ఇంకా కష్టమైంది. అందం చూసి కుళ్ళుకోవడమైతే ఊరూవాడా అర్థం చేసుకుంటుంది, నాలుగు మాటలు సాయం కూడా చేస్తుంది. ఆమెలో నేను కుళ్ళుకున్నది ఏమిటో చెబితే నవ్వుతారు. మాట్లాడడానికి లేచినప్పుడు ఆమె ముందుగా మైకును తన ఎత్తుకు సరిచేసుకుంటుంది. మర తిప్పుతుంది, కిందకి లాగుతుంది, మళ్ళీ మర బిగిస్తుంది. ఏమాత్రం తొందరపడదు. ఆ కాసేపూ హాలు మొత్తం, ఉపాలూ పాస్టర్లూ, చేతులు కట్టుకుని ఎదురుచూస్తారు. నా కోసం మా ఇంట్లో ఎదురుచూసేది అన్నం కుండ ఒక్కటే, అదీ పొంగిపోయే ముందు.

ఆమె మొదటి ప్రసంగం విని మా ఆయన ఇంటికొచ్చి అన్నాడు, "ఆమె మాట్లాడుతుంటే మైదానం మీద పొగమంచు తొలగినట్టు ఉంది."

"పొగమంచు ఎండొస్తే దానంతటదే తొలగుతుంది," అన్నాను, కూరలో ఉప్పు చూస్తూ.

"నీకు ప్రతిదీ వేళాకోళమే కిమా వాళ్ళమ్మా. విని నేర్చుకోవాలి. మార్పు వంటింట్లో మొదలవ్వాలందామె. ఎంత లోతైన మాట!"

"వంటింట్లోనే ఉన్నాను. ఇంకా రాలేదు మార్పు. వస్తే చెబుతాను."

ఆయన వినలేదు. చెవుడు వాళ్ళ వంశంలోనే ఉంది.

ఆ వారమే సంఘాల వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. కమిటీ సమావేశం అయ్యాక మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి టీ కప్పులు కడుగుతున్నాడు. పక్కన రోసాంగ్‌పుయీ గుడ్డతో తుడుస్తోంది. కింద ఎవరో రాశారు: 'సేవకుడైన నాయకుడు'. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు వరసగా. నేను ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అవి ఆ చేతులే. మా పెళ్ళయిన దగ్గరనుంచీ తిన్న పళ్ళేన్ని బల్ల మీద ఓ జానెడు ముందుకు జరిపి, దాంతో శుభ్రం చేసే పని అయిపోయిందనుకునే చేతులు. ఇంకో ఆడదాని భుజం మీద చెయ్యి వేసిన ఫొటో వచ్చినా నేను అంత సేపు చూసి ఉండను. ఆయన నురగ కూడా చక్కగా చేశాడు.

మా అత్త నా భుజం మీంచి తొంగిచూసి, "ఎవరే అది, మనవాడిలా ఉన్నాడు?" అంది.

"మనవాడే."

"అబద్ధం. మనవాడికి కప్పు కడగడం రాదు. నేను నేర్పలేదు," అంది గర్వంగా.

అయినా అప్పటికి నా అసూయ మామూలు పెళ్ళాం అసూయే అనుకున్నాను. దానికి ఊళ్ళో మందులు ఉన్నాయి: మొహం ముడుచుకోవడం, ఉప్పు ఎక్కువెయ్యడం, పుట్టింటికి వెళతాననడం. అన్నీ వరసగా వాడాను. ఏదీ పనిచెయ్యలేదు.

ఈలోగా మహాసభ దగ్గరికొచ్చింది. కొండలన్నిటి నుంచి అన్ని సంఘాలవాళ్ళూ మా ఊళ్ళో కలుస్తారు. అందులో రెండోరోజు మధ్యాహ్నం 'మహిళల గంట' అని ఒకటి పెట్టారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నేను షిల్లాంగ్ కాలేజీలో బీఏ చదివాను. వక్తృత్వంలో పోటీకి దిగితే ఎదుటి పక్షంవాళ్ళు ముందే మంచినీళ్ళు తాగి కూర్చునేవాళ్ళు. మా ఆయన ప్రసంగాల కాగితాల్లో వాక్యాలు తిన్నగా ఉంటాయంటే అవి ఇస్త్రీ చేసేది నేనే, ఆయన చొక్కాలతో పాటు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ గురించి ఒక గంటసేపు చెప్పడానికి నాకు కాగితం కూడా అక్కర్లేదు. పొద్దున టీ ఇస్తూ అడిగేశాను.

"మహిళల గంటలో నేను మాట్లాడనా?"

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. నిజంగా ఆశ్చర్యపోయాడు.

"నువ్వా? దేని గురించి?"

దేని గురించి. ఆ మాట పట్టుకుని నేను రోజంతా ఇల్లు ఊడ్చాను. దేని గురించో చెబుదామని నోరు తెరిచేలోపు ఆయనే సర్దిచెప్పాడు. "రోసాంగ్‌పుయీ ఉందిగా. ఆమెకి అలవాటు. నువ్వు ఆ రోజు టీ చూసుకో. అంతమందికి టీ కలపడం అందరివల్లా కాదు. అందరూ నిన్నే అడుగుతున్నారు తెలుసా!" పొగిడాననే అనుకున్నాడు పాపం.

అదే వారం ఆమెను భోజనానికి పిలిచాడు. నేను పొగబెట్టిన పంది మాంసం ఆవాకుతో ఉడికించాను, ఆకుకూరలు ఉడికించి బాయి చేశాను, మిరపకాయలు దంచాను. ఆమె వంకలు పెడితే కాస్త మనశ్శాంతిగా ఉండేది. ఆమె వేళ్ళు నాకుతూ తింది. రెండోసారి అన్నం అడిగింది. మా అత్తను గట్టిగా అరిచి పలకరించింది, ఆవిడకి నచ్చేసింది.

"ఈ పిల్లకి పెళ్ళెందుకు కాలేదు?" అని మా అత్త నన్ను అడిగింది, ఆమె పక్కనే కూర్చుని ఉండగా.

"అడిగినవాళ్ళకి నేను నచ్చాను అవ్వా, నా బూట్లు నచ్చలేదు," అంది రోసాంగ్‌పుయీ. మా ఆయన పగలబడి నవ్వాడు. అంతకంటే మంచివి నేను రోజుకు నాలుగు అంటాను, మా ఇంట్లో గోడలు కూడా నవ్వవు.

తిన్నాక ఆమె పళ్ళేలు ఎత్తబోయింది. నేను లాక్కున్నాను. నా వంటింట్లోకొచ్చి ఆ మంచిపేరు కూడా ఈమె కొట్టేస్తే ఎలా? ఇంతలో మా ఆయన లేచాడు. "ఉండండి, నేను కడుగుతాను," అని నా చేతిలోంచి పళ్ళేలు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు. అక్కడ నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు, చివరికి పైకి కూడా చూశాడు.

"కిమా వాళ్ళమ్మా, పీచు ఎక్కడుంటుంది?"

"అయ్యో ఉపా," అంది రోసాంగ్‌పుయీ, "ఈ రాష్ట్రంలో సారా ఎక్కడెక్కడ దాస్తారో మీకు తెలుసు. మీ ఇంట్లో పీచు ఎక్కడుంటుందో తెలీదా?"

మా ఆయన సిగ్గుపడ్డాడు. నిజంగా చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నిజమే, నిజమే. చూశావా, ఎంత బాగా చెప్పిందో!" అని నా వైపు తిరిగి అన్నాడు.

నాకు అప్పుడు ఒళ్ళంతా మంట లేచింది. ఆ మాట నాది. ఏళ్ళ తరబడి నా నాలుక చివర కూర్చుని ఉన్న మాట. నేను దాన్ని ఎన్ని రకాలుగా అన్నానో! కోపంగా అన్నాను, నవ్వుతూ అన్నాను, జ్వరంలో పడుకుని అన్నాను. నేనంటే సణుగుడు. ఆమె అంటే లోతైన మాట. ఆమె ఆయన్ని ఎత్తుకుపోతుందేమోనని నేను ఇన్నాళ్ళూ కాపలా కాస్తున్నాను. దొంగ వేరే గదిలో దూరి వేరే వస్తువు పట్టుకుపోయింది. ఏం పోయిందో మాత్రం అప్పటికీ నాకు పేరు పెట్టడం రాలేదు.

ఆయన బల్బు లేని వరండాలోకి టార్చి పట్టుకుని వెళ్ళాక, ఆమె నా పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తూ మెల్లగా అంది, "అక్కా, నాకు మైకు ఇస్తారు గానీ పాస్టర్లు రొట్టె విరిచే బల్ల దగ్గర నిలబడనివ్వరు. నాతో చదివిన మగపిల్లలందరూ పాస్టర్లయ్యారు. వాళ్ళలో ఇద్దరికి పరీక్షలకు నోట్సు రాసిచ్చింది నేనే."

జాలిపడదామని చూశాను. అసూయ ఒప్పుకోలేదు. మైకు ఇస్తారుగా, అంది.

సభ రోజున కొండ మీది హాలు కిక్కిరిసిపోయింది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మహిళల గంటకు అధ్యక్షత వహించింది మా ఆయన. ఆడవాళ్ళు మాట్లాడేటప్పుడు సమయం చూడడానికి ఒక మగవాడు ఉండాలని అన్ని సంఘాలూ గొడవ లేకుండా ఒప్పుకున్నాయి. ఆయన ముందు బల్ల మీద చిన్న ఇత్తడి గంట. నేను తలుపు పక్క చివరి బెంచీ మీద, మా అత్త పక్కన కూర్చున్నాను. నా కాళ్ళ దగ్గర ఇద్దరు మోస్తే గాని లేవని కెటిల్.

రోసాంగ్‌పుయీ లేచింది. మర తిప్పింది, మైకు దించింది, మర బిగించింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"నేను మాట్లాడేముందు అందరం ప్రార్థన చేద్దాం," అంది. "ఇవాళ రాష్ట్రం కోసం వద్దు. మీకు నిజంగా ఏది కావాలో అది అడగండి. గొంతెత్తి అడగండి."

మా ప్రార్థన సంగతి చెప్పాలి. ఒకరు చేస్తే మిగతావాళ్ళు తలవంచుకుని వినే పద్ధతి ఒకటుంది, అది కాదు ఇది. ఇందులో అందరూ ఒక్కసారిగా, ఎవరిది వాళ్ళు, పైకే ప్రార్థిస్తారు. గంట మోగేదాకా. రేకుల కప్పు మీద వడగళ్ళ వాన పడినట్టుంటుంది. ఒకరి మాట ఒకరికి వినబడదు. ఈ కొండల్లో ఆడదానికి ఇంత చాటు ఇంకెక్కడా దొరకదు. ఇరుకు ఇళ్ళు, పలచటి గోడలు. వెయ్యిమంది మధ్య అరుస్తున్నప్పుడే మాకు ఏకాంతం.

ముందు మర్యాదగానే మొదలుపెట్టాను. మా అబ్బాయి కిమా చదువు, అత్త మోకాళ్ళ నొప్పి, మలుపులో ఇంటి తల్లి. నా ముందు బెంచీలో ఒకావిడ మంచి గొంతున్న మనిషి, ఏడుస్తూ ప్రార్థిస్తోంది. నా మాట నాకే వినబడక గొంతు పెంచాను. పెంచేకొద్దీ మర్యాద జారిపోతూ వచ్చింది. తండ్రీ, నాకు కుళ్ళు, అన్నాను. ఆమె అంటే కుళ్ళు. ఆ బూట్లంటే కుళ్ళు. నీ పిడికెడు బియ్యంలో నేను దొంగతనం చేస్తున్నాను, నీకు తెలుసు. నాకు కుళ్ళు ఎందుకో నువ్వే చెప్పు. ఆయన కోసమా? ఆయన కోసమే అయితే ఆ రోజు పీచు కోసం పైకి చూస్తున్నప్పుడు నాకు జాలెయ్యాలి కదా, నవ్వెందుకొచ్చింది? నవ్వి, ఆ నవ్వు ఆమెదైపోయిందని ఎందుకు ఏడ్చాను? నేను అడగడానికి వచ్చింది ఆయన్ని కాదు తండ్రీ. ఇన్నాళ్ళూ తప్పు వస్తువు అడుగుతున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ముందావిడ ఇంకా గట్టిగా ఏడ్చింది. నేను ఆవిణ్ణి దాటి, హాలుని దాటి, పై కప్పు దాటి వెళ్ళేంత గొంతు తీశాను.

గంట మోగిందట. అందరికీ వినబడిందట. కుళాయి కట్టేసినట్టు వెయ్యి గొంతులు ఒక్కసారి ఆగిపోయాయి. నా గొంతు ఆగలేదు.

"మా ఆయన్ని కావాలంటే ఆమెనే ఉంచుకోమను తండ్రీ, నాకు మాత్రం ఆ మైకు ఇప్పించు!"

కళ్ళు తెరిచాను. బయట లోయలో ఎక్కడో లారీ గేరు మార్చిన చప్పుడు వినబడింది. ముందావిడ ముక్కు చీదడం మధ్యలో ఆపేసింది. మగవాళ్ళవైపు నుంచి మెడలు ఒక్కొక్కటే తిరిగాయి. వేదిక మీద మా ఆయన వేలు గంట మీద అలాగే ఉండిపోయింది, ఇంకోసారి మోగిస్తే నా మాట వెనక్కి పోతుందేమోనన్నట్టు. భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలలేదు.

అప్పుడు నా పక్కన మా అత్త, నోట్లో పొగాకు నీళ్ళు మింగి, రెండు చేతులూ ఎత్తి, హాలు అదిరేలా అంది:

"ఆమెన్!"

ప్రార్థన చివర ఒకరు ఆమెన్ అంటే ఇక్కడ ఎవరికీ నోరు ఆగదు. ఊయల నుంచి వచ్చిన అలవాటు. ఆడవాళ్ళవైపూ, మగవాళ్ళవైపూ, మునిగినవాళ్ళూ, చల్లించుకున్నవాళ్ళూ, వేదిక మీది పాస్టర్లూ అందరూ కలిసి అనేశారు. ఆమెన్. అన్నాక గాని దేనికి అన్నారో వాళ్ళకి తెలియలేదు. మా ఆయన పెదవులు కూడా కదిలాయి. నేను చూశాను.

మా అత్త వైపు తిరిగాను. ఆవిడ చేతులు దించి, ఏమీ ఎరగనట్టు పువాన్ అంచు సవరించుకుంటోంది.

రోసాంగ్‌పుయీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తర్వాత మైకులోనే అంది, "అక్కా, ఆ మొదటిది నాకు అక్కర్లేదు. మీ దగ్గరే ఉంచుకోండి. రెండోది కావాలంటే, రండి."

ఆడవాళ్ళవైపు ఎవరో కిసుక్కుమన్నారు. అది అంటుకుంది. బెంచీలు కదిలేంత నవ్వు లేచింది, అందులో వెక్కిరింత లేదు, ఆశ్చర్యంగా ఉంది నాకు. మలుపులో ఇంటి తల్లి కూడా నవ్వుతోంది. ఇంకా కూర్చునే ఉంటే ఇంక జన్మలో లేవనని తెలిసి లేచాను. ఆ బెంచీల మధ్య దారి అంత పొడుగని టీ పట్టుకుని నడిచినప్పుడు ఎప్పుడూ తెలియలేదు.

వేదిక ఎక్కేసరికి మా ఆయన కుర్చీలోంచి సగం లేచి, నా చెవి దగ్గరికి వంగాడు. మొహం కందిపోయింది. తిడతాడనుకున్నాను. ఆయనకు అంతకంటే పెద్ద కష్టం వచ్చిపడింది.

"మరి టీ ఎవరు చూస్తారు?"

"కెటిల్ తలుపు పక్కనుంది. చక్కెర వేసేశాను. పొయ్యడమే," అన్నాను.

మైకు దగ్గరే ఉందన్న సంగతి మాకిద్దరికీ తట్టలేదు. మళ్ళీ నవ్వు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. వెయ్యిమంది కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. సేవకుడైన నాయకుడు మెట్లు దిగి తలుపువైపు నడిచాడు.

రోసాంగ్‌పుయీ పక్కకి జరిగింది. మైకు ఆమె ఎత్తులో ఉంది. నేను ఆమెకంటే పొట్టి. మర తిప్పాను. చెయ్యి చెమటకి జారింది, మళ్ళీ తిప్పాను. కిందకి లాగి బిగించాను. నిదానంగానే బిగించాను. అందరూ ఎదురుచూశారు.

"ఇందాకటి మాట మీ చెవిన పడడం పొరపాటు," అన్నాను. "నేను అనడం పొరపాటు కాదు."